ముగింపు ప్రార్థన

"శనివారం తెల్ల చీర కట్టుకో. నిరుడు క్రిస్మస్‌కు కొన్నది. ఎనుక నిలబడ్డోళ్లకు గూడ కనపడతవు."

పాస్టర్ ప్రేమ్ కుమార్ ఈ మాట అన్నప్పుడు అతని భార్య పుష్పమ్మ పొయ్యి దగ్గర చాయ్ వడపోస్తున్నది. ముందుగదిలో సంఘ పెద్దలు చాప మీద కూర్చుని ఉన్నారు. చాయ్ అయిందో లేదో చూడడానికి అతను వంటింట్లోకి వచ్చి, చీర సంగతి చెప్పి వెళ్లిపోయాడు. వస్తావా అని అడగలేదు. ఎన్నడూ అడగలేదు.

పెబ్బేరులో శనివారం పశువుల సంత. సంతకు పోయే దారి మొదట్లో అతను మైకు పెట్టి సువార్త చెపుతాడు. పుష్పమ్మ పక్కన నిలబడాలి, ఎందుకంటే ఆమే సాక్ష్యం. "ఈమెను చూడుండ్రి. దవాఖానల డాక్టర్లు చేతులెత్తేశిండ్రు. ఊపిరి ఆగిపోయింది. నేను మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసిన. లేచి కూసున్నది." అప్పుడు ఆమె చేయి ఎత్తి స్తోత్రం అనాలి. మొదట్లో ఈ కథలో ఆమెకు ఒంట్లో బాగాలేదు, అంతే. కొన్నాళ్లకు డాక్టర్లు వచ్చి చేరారు. నిరుటి నుంచి ఊపిరి ఆగుతున్నది. ఒకసారి చాయ్ బండి దగ్గర ఎద్దుల బేరగాడొకడు, "సచ్చి లేచినామె గూడ చక్కెర జర ఎక్కువేయమంటున్నది సూడు" అన్నాడు. బండివాడు నవ్వాడు. ప్రేమ్ కుమార్ కూడా నవ్వాడు.

నిజానికి ఆమె దవాఖానలో ఉన్న రోజు అతను అక్కడ లేడు. గద్వాలలో సువార్త సభల్లో ఉన్నాడు. ఏడో నెలలో నొప్పులు వస్తే పక్కింటి కుల్సుమ్‌బీ తన భర్త గౌస్ పాషా ఆటోలో ఆమెను వనపర్తి తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. కుల్సుమ్‌బీ ఆ పిల్లను తుడిచి, తన కొంగు చింపి చుట్టి, తెచ్చి పుష్పమ్మ చేతుల్లో పెట్టింది. "జరసేపు పట్టుకో. మల్ల పట్టుకుంటనంటె ఉండదు" అన్నది. ప్రేమ్ కుమార్ వచ్చేసరికి పూడ్చడం కూడా అయిపోయింది. మైకు కథలో కుల్సుమ్‌బీ లేదు, పిల్ల లేదు. పుష్పమ్మ ఒకసారి అడిగింది. "పిల్ల సంగతి చెప్తే జనం దేవుని శక్తిని అనుమానిస్తరు పుష్పా. బతికినోళ్ల గురించే చెప్పాలె" అన్నాడు. దేవుడు ఆ గదిలో లేడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. లేనిది ప్రేమ్ కుమార్.

పోయిన శనివారం మైకు కూతకు ఎద్దులు బెదిరాయి. ఒకటి పలుపు తెంపుకుని పరుగెత్తింది. బేరగాళ్లు వచ్చి వైరు పీకేశారు. ఈ ఆదివారం పెద్దలు కూర్చున్నది అందుకే.

ఆమె చాయ్ ఇచ్చి గుమ్మం పక్కన నిలబడింది. దానియేలు సార్ బడిపంతులుగా రిటైరైన మనిషి, సంఘంలో అందరికన్నా పెద్ద. మైకు వద్దని ఆయన ముందునుంచీ అంటున్నాడు. ఆయన మాట నెగ్గితే తాను సంతలో నిలబడే పని తప్పుతుందని పుష్పమ్మ ఆశ.

"అయ్యగారూ, మొన్న అలంపూర్ల వరదలప్పుడు బియ్యం పంచుడుకు ముందు మైకు పెడితిమి. బియ్యం తీస్కొని పోయిండ్రు. మాట ఎవరు తీస్కపోయిండ్రు?"

"ప్రభువు వీధులల్ల చెప్పలేదా సార్? సిగ్గుపడితే ఎట్ల?"

"బాయి కాడ ఒక్క ఆడమనిషితోని గూడ మాట్లాడిండు గద. గట్ల పోవాలె, ఇంటింటికి. మనం పోతే గొడవైతది. అమ్మగారు పోతే ఎవరు ఏమనరు." ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కుల్సుమ్‌బీ ఇంట్ల అమ్మగారికి చనువున్నది. ఆమె వెనుక ఆ గల్లీ అంత ఉన్నది. చాయ్ తాగుకుంట, పిల్లల ముచ్చట పెట్టుకుంట, మెల్లగ వాక్యం అందుకోవచ్చు. నమ్మిన మనిషి చెప్తే మాట తొందరగ దిగుతది."

పుష్పమ్మ గుమ్మం పట్టుకుంది. ఊరు మొత్తంలో ఆమె ఏ పనీ పెట్టుకోకుండా పోయి కూర్చునే గడప అదొక్కటే. అక్కడ ఆమె పాస్టరమ్మ కాదు. కుల్సుమ్‌బీ ఆమెను నమాజుకు పిలవలేదు, ఆమె కుల్సుమ్‌బీని చర్చికి పిలవలేదు. ఇప్పుడు ఆ చనువు వీళ్లకు పనికొస్తుందట. మైకు మనిషి ఆమె శవాన్ని అడిగాడు. మెత్తని మనిషి ఆమె స్నేహాన్ని అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ ఈయన తన పక్షం అనుకున్నది.

ప్రేమ్ కుమార్ తన గ్లాసు ఖాళీ చేశాడు. "సరే సార్. రెండు చేద్దాం. శనివారం సంతల నిలబడతది. తక్కిన దినాలు ఇండ్లు తిరుగుతది."

"అదీ మాట" అన్నాడు దానియేలు సార్. అందరి ముఖాలు తేటపడ్డాయి. ఏళ్ల నుంచి నడుస్తున్న తగాదా తెగింది.

ఆ సంఘంలో పెద్దల మాటలు అయ్యాక పాస్టరమ్మ ప్రార్థనతో ముగించడం ఆనవాయితీ. ఆ కూటాల్లో ఆమె గొంతు వినపడేది అప్పుడే. ప్రార్థన నడుస్తుండగా కళ్లు తెరవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఆమె ఆమెన్ అనేదాకా ఎవరూ లేవరు.

"పుష్పా, ముగించు" అన్నాడు ప్రేమ్ కుమార్. అందరూ తలలు వంచారు.

"పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ" అని ఆమె మొదలుపెట్టింది. ఆ తర్వాతి మాటలు ఆమెకు నోటికి వచ్చు. వాటిని పక్కన పెట్టింది.

"తండ్రీ, నీకు తెల్సు. ఆ దినం నేను సావలేదు. నా బిడ్డ సచ్చింది. అయ్యగారు గద్వాలల ఉండె. నా పక్కన కుల్సుమక్క ఉండె. సంతల చెప్పేదంత అబద్ధం. నేను గూడ చెయ్యెత్తి స్తోత్రం అన్న, నన్ను క్షమించు. ఈ శనివారం నేను పోను తండ్రీ. కుల్సుమక్క ఇంటికి పోత, ఎప్పటిలెక్కనే. నీ వాక్యం కొంగుల దాసుకొని మాత్రం పోను. ఊకె కూసుంట."

ప్రేమ్ కుమార్ దగ్గాడు. చాప మీద ఎవరో కదిలారు. దానియేలు సార్ "స్తోత్రం ప్రభువా" అన్నాడు, ఇక చాలు అన్నట్టు.

పుష్పమ్మ ఆమెన్ అనలేదు.

"బిడ్డ సంగతి చెప్త తండ్రీ" అన్నది. "తలనిండ ఎంటికలుండె."