గుమ్మం నంబరు

ఆమె స్క్రూలు విప్పి, కంప్యూటర్ మూత తీసి, లోపలి దుమ్మును కుంచెతో దులుపుతోంది. పాత కంప్యూటర్లు బాగుచేసే ఆ దుకాణంలో డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములు రాయడం ఆమె పని. స్విచ్ వెయ్యగానే యంత్రం తనలో అమర్చిన ప్రతి కార్డునూ నువ్వెవరని అడుగుతుంది. కార్డుకు పేరు చెప్పడం రాదు, తనలో రాసిన నంబరే చెబుతుంది. ఏ నంబరుకు ఏ పేరో డ్రైవర్‌లో ఈమె రాస్తేనే తెర మీద దాన్ని చేసినవాళ్ల పేరు పడుతుంది. ఈ పనిలోనే ఆమె మెడ వంగిపోయింది, పెళ్లి ఊసు ఎప్పుడో అటకెక్కింది. దుకాణంవాళ్లు ఆమెను నంబరక్క అంటారు.

ఈరోజు బల్ల మీదికొచ్చింది కంప్యూటర్‌కు పాటలు వినిపించే ఒక సౌండు కార్డు. పాత డ్రైవర్ ఉన్న డిస్కు పాడైపోయి, తన పేరు పడాల్సిన చోట ‘తెలియని పరికరం’ అని వస్తోందని దాన్ని అమ్మిన కంపెనీ యజమానే స్వయంగా తెచ్చి ఇచ్చి వెళ్లాడట. చీటీ మీద ఆయన పేరు చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కార్డు చేసింది ఆమె తమ్ముడు. వంటగట్టు మీద గిన్నెలు పక్కకు నెట్టి, నెలల తరబడి కూర్చుని చేశాడు.

"అక్కా, దీనికి నంబరేం పెట్టను?"

"మన గుమ్మం మీదున్నది పెట్టు, మర్చిపోవు. ముందొచ్చి తిను, చల్లారిపోతోంది."

పనిచేసే కంపెనీలో చూపిస్తే, చూసిస్తానని యజమాని ఉంచుకున్నాడు. పనికిరాదని చెప్పి తమ్ముడినే ఉద్యోగంలోంచి తీసేశాడు. ఏడాది తిరక్కుండా ఆ కార్డు ఆయన పేరుతో బజారుకొచ్చింది. తమ్ముడు ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఆ దిగులుతోనే మంచం పట్టాడు. "నేనే చేశానని నువ్వన్నా చెప్పక్కా" అంటూనే పోయాడు.

ఆమె స్విచ్ వేసింది. తెర మీద నంబరు పడింది. ఆ యజమాని దాన్ని మార్చి ఉంటాడనే ఇన్నేళ్లూ అనుకుంది. మార్చలేదు.

"దొంగ వెధవ! గుమ్మంతో సహా ఎత్తుకుపోయాడు" అని పకపకా నవ్వింది. ఆ నంబరు పక్కన తమ్ముడి పేరు కొట్టి, పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్లందరికీ ఆ డ్రైవర్ పంపేసింది.

సాయంత్రం యజమాని కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా, నా పేరు పడుతోందా? రేపు పాత కంప్యూటర్ల ప్రదర్శనలో పదిమందీ చూస్తారు."

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చాలాసేపు చదివాడు.

"ఇదేంటి... ఇతను..."

"మా తమ్ముడండీ. నేను రాసింది పేరొక్కటే. నంబరు మీ కార్డే చెప్పింది. అది మా ఇంటిది."

"తీసెయ్యమ్మా. పోయేముందు నా పరువు తియ్యకు."

"మావాడూ పోయేముందు బతిమాలుకున్నాడు. మీరు విన్నారా? అయినా అందరికీ వెళ్లిపోయిందండీ. మీ కార్డు ఎక్కడుంటే అక్కడ వాడి పేరే."

ఆయన జోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. కసి తీరిందా అంటే అదీ లేదు. ఈయన మళ్లీ లోపలికొచ్చి మళ్లీ అడిగితే, మళ్లీ మొదటినుంచీ చూపించాలనిపించింది. ఆయన మాత్రం ఇంకేమీ అడగకుండా, తలుపు ఎక్కడుందో తడుముకుంటూ వెళ్లిపోయాడు.

వెనక్కి పిలవాల్సింది. పిలవలేదు. తెర ముందు, బల్ల అంచున, ఆయన కళ్లజోడు కాడలు విప్పుకుని అలాగే ఉండిపోయింది.