చిన్నకోడలి చేతి పొంగు

ఆదివారం పొద్దున పదిన్నరకి ఆ ఇంట్లో టిఫినూ కాని, భోజనమూ కాని ఒక పూట ఉంటుంది. ఉడికించిన గుడ్లు, కాల్చిన రొట్టెముక్కలు, వెన్న, వాటితోపాటు పెద్ద గాజు జగ్గు నిండా పళ్ళగుజ్జు కలిపిన వైన్. మిగతా వారమంతా ఎవరి కంచం వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. ఆదివారం మాత్రం అత్తగారు, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు కిటికీ పక్కనున్న బల్ల చుట్టూ చేరతారు. చిన్నకోడలు వంటింట్లో ఉంటుంది.

జగ్గు ఆమె పని. మెత్తగా పండిన పీచ్ పళ్ళని వేణ్ణీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీస్తే తొక్క దానంతటదే ఊడొస్తుంది. గింజ తీసేసి, గుజ్జుని జల్లెడలో గరిటెతో రుద్ది, రంగు మారకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, ఒక చెంచాడు దానిమ్మ రసం పోస్తుంది. ఒక పాలు గుజ్జుకి రెండు పాళ్ళు చల్లటి తెల్ల వైన్. చాలా ఇళ్ళలో ఇక్కడ ఖరీదైన బుడగల వైన్ వాడతారు. వీళ్ళకి ఆ అవసరం లేదు. మామూలు వైన్ పోసి చిన్నకోడలి చేతికి గరిటె ఇస్తే సరిపోతుంది. కోపమొచ్చినప్పుడు ఆమె చేతిలో ఏమున్నా బుసబుసా పొంగుతుంది.

పెళ్ళయిన రెండో నెలలో మొదట టీ పొంగింది. బుడగల టీ ఏమిటని అత్తగారు ముఖం చిట్లించింది. తర్వాత నారింజ రసం పొంగింది. అది మాత్రం బాగుందంది. అప్పట్నించీ ఇంట్లోకి సోడా సీసా రాలేదు. పక్కింటావిడ కూడా చుట్టాలొచ్చిన రోజున నిమ్మరసం గిన్నె పట్టుకొచ్చి, "ఏమైనా కోపంగా ఉన్నావా అమ్మాయ్, కాస్త తిప్పి పెడతావూ?" అని అడిగేది. కోపంగా ఉంటే తిప్పి పెట్టేది. లేకపోతే ఆవిడ సోడాకి కొట్టుకి పోయేది.

అదేం చిత్రమో గానీ, ఆదివారం పదింటికి చిన్నకోడలికి కోపం రాని వారమంటూ లేదు. ఒకసారి మొగుడు తన చొక్కా గుండీ ఊడిందని సతాయిస్తాడు. ఒకసారి బావగారు, "మీ పుట్టింట్లో అందరూ ఇంత నెమ్మదేనా, నత్తలు కూడా నయం" అంటాడు. ఒకసారి అత్తగారు పెద్దకోడలి చేతివంటని పొగడటం మొదలుపెట్టి ఆపదు. ఆమెకి చిర్రెత్తుకొచ్చేది, ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేసేది, జగ్గు పొంగేది. వాళ్ళు హాయిగా తాగేవాళ్ళు. సాయంత్రానికి ఆమెకి సిగ్గేసేది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "నా నోరు మంచిది కాదు, క్షమించండి" అనేది. అత్తగారు పెద్దమనసుతో, "పోనీలేమ్మా, నీ కోపం మాకు కొత్తా" అని క్షమించేసేది. పదకొండేళ్ళు అలాగే జరిగింది. ఆ పెద్దమనసు తల్చుకుంటే ఈ కథ చెప్పే నాకే ఒళ్ళు మండుతుంది.

ఇక మిగతా ఆరు రోజులూ ఆమె కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంలో అచ్చు తీసి, పన్ను తర్వాత పన్ను పేర్చి, పక్క పన్నుకి ఒరుసుకోకుండా సన్నటి ఆకురాయితో అరగదీస్తుంది. "ఆరు రోజులు పళ్ళు అరగదీస్తుంది, ఏడో రోజు పళ్ళు పిండుతుంది, మధ్యలో మా మీద పళ్ళు నూరుతుంది" అనేది బావగారి జోకు. పదకొండేళ్ళుగా అదొక్కటే జోకు, అయినా ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు.

ఆ ల్యాబు పళ్ళ డాక్టరమ్మది. పోయిన వారం ఆవిడ చిన్నకోడల్ని పిలిచి, ఊరికి అటుచివర రెండో ల్యాబు పెడుతున్నానని, ఆరుగురు పనివాళ్ళుంటారని, దాన్ని నువ్వే నడపాలని చెప్పింది. ఆదివారం పని ఉంటుంది, సోమవారం సెలవు. చిన్నకోడలికి ఆ పని ఎంత కావాలనిపించిందంటే, ఇంటికొచ్చేలోపే బస్సు టిక్కెట్టు వెనక ఏ బల్ల ఎక్కడుండాలో, వెలుతురు ఎటునుంచి రావాలో బొమ్మ గీసేసింది.

మొగుడు ఆ బొమ్మ చూసి నవ్వాడు. "నీ కోపానికి ఆరుగురు మనుషులా? రెండో రోజుకి ఒక్కడూ ఉండడు."

"ఇంట్లోవాళ్ళం కాబట్టి పడుతున్నాం" అంది అత్తగారు. "బయటివాళ్ళకేం ఖర్మమ్మా?"

ఆమె ఆ మాటలు నమ్మింది. తన సంగతి తనకంటే వాళ్ళకే బాగా తెలుసనుకుంది. ఈ పని నావల్ల కాదమ్మా అని చెప్పబోతే డాక్టరమ్మ విన్లేదు. "ఆదివారం మీ ఇంటికొచ్చి తింటాను. ఆ బల్ల దగ్గర కూర్చుని చెప్పు, అప్పుడు వింటాను" అంది.

ఆ ఆదివారం వచ్చింది. ఇవాళ ఏమైనా సరే కోపం తెచ్చుకోకూడదని, కనీసం ఆవిడ ముందు పరువు దక్కించుకుని కాదనాలని చిన్నకోడలు గట్టిగా అనుకుంది. గుజ్జులో వైన్ పోస్తుంటే మొగుడు వంటింట్లోకి వచ్చాడు.

"పీచ్‌కి తొక్క సరిగ్గా తియ్యలేదేంటి? పంటికింద పడుతుంది."

ఆమె జగ్గులోకి చూసింది. తొక్క ఎక్కడా లేదు. "తీశానండీ" అంది.

"నీకు అన్నీ చేసినట్టే ఉంటుంది. రేపు ఆ పనివాళ్ళకీ ఇలాగే నేర్పుతావు కాబోలు."

గరిటె చుట్టూ నాలుగు బుడగలు లేచాయి. ఆమె పెదవి కొరుక్కుని, జగ్గుని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసేసింది. అతను నిరాశగా వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాలకి అత్తగారు వచ్చింది. ఫ్రిజ్ వైపు కూడా చూడకుండా, "పీచ్‌కి తొక్క సరిగ్గా తియ్యలేదేంటమ్మా? పంటికింద పడుతుంది" అంది.

చిన్నకోడలు ఏదో అనబోయేలోపు గుమ్మంలోంచి పెద్దకోడలి గొంతు వినిపించింది. "చెల్లీ, ఆ పీచ్‌కి తొక్క..." అంటూ చేతిలో ప్లేట్లతో లోపలికొచ్చి, అత్తగారిని చూసి ఆగిపోయింది. "అదేంటత్తయ్యా, మీరొచ్చారు? ఇవాళ నా వంతు కదా."

"నీది పోయిన వారమే అయిపోయింది."

"పోయిన వారం మా ఆయనది. నత్తల మాట అన్నది ఆయనే గదా."

ఏం అనాలో ముందే అనుకున్నారు గానీ, ఎవరు అనాలో సరిగ్గా అనుకోలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమై నోళ్ళు మూసుకున్నారు.

"వంతేంటక్కా?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ప్లేట్లు కింద పెట్టింది. "ఏదో సరదాకి చెల్లీ. నీకు కోపమొస్తే గానీ అది పొంగదు కదా. ఊరికే ఎక్కణ్ణించొస్తుంది? అందుకని ఆదివారానికి ఒకరం..."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ" అంది అత్తగారు, ఇందులో దాచేదేముందన్నట్టు. "అంత ముఖం పెట్టక్కర్లేదు. నువ్వు కోపిష్టిదానివి కావని మాకు తెలియదూ? అందుకేగా ఇంతమందిమి కష్టపడి తెప్పించాల్సొస్తోంది."

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. చొక్కా గుండీకి, నత్తల మాటకి వచ్చే కోపం కాదది. ఆ పని ఎందుకు వద్దనుకుందో గుర్తొచ్చింది. సాయంత్రాల్లో ఒక్కొక్క కుర్చీ ముందూ నిలబడి తలవంచుకున్నది గుర్తొచ్చింది. ఫ్రిజ్ తెరిచి జగ్గు చేతిలోకి తీసుకుంది. అత్తగారు, పెద్దకోడలు అది పేలిపోతుందేమోనని రెండడుగులు వెనక్కి వేశారు.

జగ్గు కదల్లేదు. ఒక్క బుడగ లేవలేదు. ఇన్నాళ్ళూ వచ్చింది వాళ్ళు తెప్పించిన కోపం, వచ్చినంత తేలిగ్గా చేతుల్లోంచి బయటికి పోయేది. ఇది ఆమె సొంతం, ఎక్కడికీ పోనంది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. చిన్నకోడలు కూర్చోలేదు. గ్లాసుల్లో పోసింది. బావగారు ఒక గుక్క తాగి గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇదేంటి, చచ్చినట్టు పడుంది" అన్నాడు.

మొగుడు తల్లి వైపు చూశాడు. తల్లి కిటికీ వైపు చూసింది. ఇక తనే పూనుకోవాలనుకున్నాడేమో, డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వాడు. "మీకు ముందే చెప్పడం మంచిదండీ. మా ఆవిడ కోపం సంగతి మీకు తెలీదు. ఆరుగుర్ని తన చేతిలో పెడితే మీకే చెడ్డపేరు."

డాక్టరమ్మ గుడ్డు పెంకు ఒలవడం ఆపలేదు. "ఎనిమిదేళ్ళుగా నా కళ్ళముందే పనిచేస్తోందయ్యా. బల్ల మీద నీళ్ళగ్లాసు పెట్టుకుంటుంది. పళ్ళసెట్టు సరిపోలేదని ఎవరో ఒకరు వచ్చి ఇంతెత్తున లేస్తారు. ఆ గ్లాసు చేత్తో పట్టుకునే అంతా వింటుంది. ఆ నీళ్ళలో బుడగ లేవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. నువ్వు చెప్పేది ఎవరి గురించో నాకు తెలియడం లేదు."

చిన్నకోడలు ఆ నీళ్ళగ్లాసు గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది.

"నేను చేస్తానమ్మా ఆ పని" అంది. "ఇవాళే వచ్చి ల్యాబు చూస్తాను."

తర్వాత మిగతా వాళ్ళ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పదకొండేళ్ళు ప్రతి ఆదివారం మీ నలుగురి దగ్గరికీ వచ్చి క్షమించమన్నాను. మీరు క్షమించారు కూడా. ఎలా నోరొచ్చింది మీకు? తెప్పించింది మీరు, తాగింది మీరు, క్షమించింది మీరు. అత్తయ్యా, నేనోసారి ఏడ్చినప్పుడు నా వీపు నిమిరారు. గుర్తుందా? ఆ వారం ఎవరి వంతు?"

అత్తగారు రొట్టె మీద వెన్న రాస్తూ ఉండిపోయింది. అప్పటికే రాసిన ముక్కకే మళ్ళీ రాస్తోంది.

"నేనడిగిన క్షమాపణలన్నీ నాకు తిరిగిచ్చెయ్యండి" అంది చిన్నకోడలు.

"అవెలా ఇస్తామమ్మా, అవేమన్నా గిన్నెలా?" అంది అత్తగారు నెమ్మదిగా.

"ఎలాగో మీరే కూర్చుని ఆలోచించుకోండి. సాయంత్రం ఇంటికొస్తాను. ఎవరి దగ్గరికీ వచ్చి ఏమీ అడగను."

మొగుడి ముఖం కందగడ్డలా అయింది. "బయటివాళ్ళ ముందా ఈ మాటలు? నన్నొక్క మాట అడగకుండా ఒప్పేసుకోవడమేనా? ఆదివారం నువ్వు పనికిపోతే ఇక్కడ ఎవరు చేస్తారు?"

"అడిగాను. నవ్వారు."

"కలపడం కూడా మానేశావు, పోసి ఊరుకున్నావు, ఇలా తే" అంటూ అతను జగ్గు లాక్కుని, గరిటె పెట్టి గిరగిరా తిప్పాడు.

జగ్గు పొంగింది. మొదట గరిటె చుట్టూ, తర్వాత అడుగునించి పైదాకా తెల్లటి నురగ లేచి, అంచు దాటి, బల్లమీది గుడ్డ మీద పడి చిటపటలాడింది. అతను తన చేతిని చూసుకున్నాడు. వదిలేస్తే జగ్గు పగులుతుంది, పట్టుకుంటే ఇంకా పొంగుతోంది. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడ్డాడు.

బావగారు గ్లాసు ఖాళీ చేసి ముందుకు చాపాడు. పెద్దకోడలు కూడా చాపింది. బావగారు కొత్తగా పోసింది తాగి, "దీంట్లో ఘాటు ఎక్కువుంది" అన్నాడు, మెచ్చుకోలుగానే.

చిన్నకోడలు చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని డాక్టరమ్మ వెనకే గడప దాటింది. మెట్ల దగ్గర డాక్టరమ్మ ఆగింది.

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఇది ఇప్పట్లో తగ్గేది కాదు."

"తగ్గక్కర్లేదు. మెట్లు మాత్రం చూసుకుని దిగు."

ఇద్దరూ కింది అంతస్తుకి చేరేసరికి పైనుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఇన్నేళ్ళలో చిన్నకోడలు ఆవిడ గొంతులో అంత ముద్దు ఎప్పుడూ వినలేదు.

"చెయ్యి తియ్యకు నాయనా. అలాగే కోపంగా ఉండు. ఇంకో సీసా తెస్తున్నా."