కట్టె అవతల వేసిన తునక

హైదరాబాద్ పోతున్న నా మనవరాలు సుజాత సంచిలో ఎండుమాంసం తునకలు సర్ది, పక్కన గుడ్డబంతి పెట్టాను. మా కుక్క జింకిని అక్కడ కుక్కల దూకే పోటీలకు శిక్షణ ఇచ్చేవాళ్లు చూడబోతున్నారు. నచ్చితే అక్కడే ఉంచుకుంటారు.

"బంతి గూడనా అమ్మమ్మా? కుక్క పెండ్లికి పోతున్నమా ఏంది?"

"తునకతోని నేర్చుకుంటది, బంతితోని ఉరుకుతది."

సుజాత వాకిట్లో వెదురుకట్టె అడ్డం పెట్టి, తునక చేత్తో ఊపింది. జింకి ఆగి చేతినే చూసింది.

"చెయ్యి చూపెడ్తే చెయ్యినే చూస్తది. కట్టె అవతల వెయ్యి పిల్లా."

వేయగానే దూకింది. బంతి విసిరితే గాలిలా పోయింది. నేను లేకున్నా దూకాలని కొన్నాళ్లుగా తిండి సుజాత చేతే పెట్టించాను.  సరిగ్గానే నేర్పాను.

జింకి వాళ్లకు నచ్చింది. 2006 ఫిబ్రవరిలో వెళ్లిన జింకి తిరిగి రాలేదు.