వెనక్కి చూడకుండా వచ్చాను

మా వాళ్ళలో బిడ్డను నేతపనికి పెట్టేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. తమలపాకులు, వక్కలు, టెంకాయ, ఇంట్లో నేసిన తుండు, పదకొండు రూపాయలు పళ్ళెంలో పెట్టి పని నేర్పే ఆయనకు ఇవ్వాలి. ఆయన రెండుసార్లు వద్దంటాడు. అది మర్యాద. మూడోసారి ఆయన ముందు పెట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. చూస్తే బిడ్డకు పని అంటదు. నన్ను మా నాయన అలాగే ముత్తురామన్ మగ్గం దగ్గర వదిలిపెట్టి పోయాడు.

1998లో నా కూతురు గాంధిమతి బి.కాం. పాసయింది. విరుదునగర్‌లో ఒక సర్కారు ఆడిట్ ఆఫీసులో ఏడాది ట్రైనింగ్‌కు తీసుకున్నారు. పంచాయతీల లెక్కలు సరిచూసే ఆఫీసు అది. ఏడాది నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతిలో ఉంటే బ్యాంకుకో, పెద్ద ఆడిటర్ దగ్గరకో పనికి పోవచ్చు. ముప్పై రోజులకు మించి రాకపోతే మాత్రం పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్ళీ తీసుకోరు. తమిళదేశంలో, కోవిల్‌పట్టిలో మా తెలుగువాళ్ళ వీధి నుంచి అలాంటి పనికి పోయినవాళ్ళు అంతకుముందు లేరు.

గాంధిమతి చేరిన మూడో రోజు నేను మిల్లుకు సెలవు పెట్టి పళ్ళెం సర్దుకున్నాను. తుండు నేను నేసిందే.

"బిడ్డకి సెప్పినావా?" అంది నా భార్య కృష్ణమ్మాళ్.

"ఏంటికి?"

"ఏంటికా? నోట్లో ముత్యాలుండాయి, రాలిపోతాయి. పో, పో."

పదకొండు గంటలకు ఆఫీసు చేరాను. గాంధిమతి లోపలి గదిలో ఉందట. వాకిట్లో ఉన్న గుమాస్తా ఇసక్కిపాండి నా చేతిలో పళ్ళెం చూసి నవ్వి, తమిళంలో అన్నాడు. "ఏం పెద్దాయనా, పెళ్ళి మాటలకా? మా సారుకు పెళ్ళయి ముప్పై ఏళ్ళయిందే!"

ఆఫీసరు పేరు రామకృష్ణన్. ఆయన ముందు ఒక పంచాయతీ మనిషి లెక్కల పుస్తకాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ మనిషిని గట్టిగా ఏదో అడుగుతున్నాడు. నేను పోయి పళ్ళెం ఇవ్వబోయాను.

"గాంధిమతి తండ్రిని" అన్నాను.

"ఇదేంటండీ? వద్దు, తీసుకుపొండి."

మళ్ళీ ఇవ్వబోయాను.

"వద్దంటున్నాను కదా!"

రెండుసార్లయింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, తిరిగి నడిచాను. ఆయన వెనక నుంచి పిలిచాడు. ఇసక్కిపాండి కూడా పిలిచాడు. బిడ్డకు పని అంటాలని నేను ఆగలేదు. బస్టాండ్ దాకా మెడ తిప్పలేదు. ఆ రోజు నాకు సంతోషంగానే ఉండింది.

పనిలో చేరిన పదో రోజున గాంధిమతి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చింది.

"నాయనా, ఆఫీసుకు వచ్చినావా?"

"వచ్చినా."

"పళ్ళెం పెట్టినావా?"

"పెట్టినా."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. లెక్కల్లో తప్పులు బయటపడిన ఆ పంచాయతీ మనిషి పై ఆఫీసుకు పిటిషన్ రాశాడట. ఆడిట్ ఆఫీసరు బల్ల మీదే బట్ట, డబ్బు తీసుకుంటున్నాడు, కళ్ళారా చూశాను అని. విచారణ అయ్యేదాకా ట్రైనింగ్ పిల్ల ఆఫీసుకు రాకూడదని ఉత్తరువు వచ్చింది. ఆ రోజులు కూడా నాగా కిందే లెక్క.

"నువ్వు తప్పు సెయ్యలేదని నాకు తెలుసు నాయనా. వాళ్ళకెట్ల సెప్పేది?"

కృష్ణమ్మాళ్ నా వైపు చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత గాంధిమతి రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది. మిల్లు నుంచి వచ్చి నాగా ఎన్ని రోజులయిందని అడిగేవాణ్ణి. చెప్పేది. పది. పదిహేడు. ఇరవై రెండు.

నాగా ఇరవై ఆరో రోజున మదురై నుంచి విచారణ ఆఫీసరు వచ్చాడు. నన్ను పిలిపించారు.

"పళ్ళెం ఇచ్చింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

"బిడ్డకు పని నేర్పుతారని."

"నేర్పడానికి ఆయనకు సర్కారు జీతం ఇస్తోంది. నువ్వెందుకు ఇవ్వాలి?"

"ఊరికే నేర్చుకోకూడదు."

అదీ రాసుకున్నాడు.

"ఆయన వద్దన్నాడా?"

"రెండుసార్లు అన్నాడు."

"మరి వదిలేసి ఎందుకు పోయావు?"

"రెండుసార్లు అంటారు."

పెన్ను కింద పెట్టాడు. "పిలిచినా ఎందుకు తిరగలేదు?"

"తిరగకూడదు."

 మగ్గం సంగతి మొదటి నుంచి చెప్పాలనుకున్నాను. తమిళంలో ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. కాగితం కింద సంతకం పెట్టమన్నాడు, పెట్టాను.

"నీ మాట నేను నమ్ముతున్నాను" అన్నాడు లేస్తూ. "కానీ ఇది మదురై పోయి, అక్కడి నుంచి తిరిగి రావాలి."

"ఇంక నాలుగు రోజులే ఉండాయి సార్."

"అది నా చేతిలో లేదు."

ఉత్తరువు నలభై మూడో రోజున వచ్చింది. ఎవరి మీదా తప్పు లేదు అని రాసి ఉంది. గాంధిమతి పేరు అప్పటికే కొట్టేశారు.

ఆఫీసులో ఉన్న తన సామాన్లు తెచ్చుకోవాలని గాంధిమతి అంటే నేనూ వెంట పోయాను. వాకిట్లో నిలబడ్డాను. రామకృష్ణన్ సారు బయటకు వచ్చాడు. ఆయనను బతిమాలాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుని ఉన్నాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు.

"చేరిన మూడు రోజుల్లోనే మీ పిల్ల ఆ పంచాయతీ లెక్కలో తప్పు పట్టిందండీ. మా వాళ్ళెవరికీ కనబడలేదు. ఎన్ని ఉత్తరాలు రాశానో పైకి. రూల్ అంటారు. చెప్పండి, ఇంకేం చేయమంటారు నన్ను?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. 

గాంధిమతి టిఫిన్ డబ్బా, స్కేలు పట్టుకుని వచ్చింది. "వస్తాను సార్" అంది. తర్వాత నాతో, "పోదాం నాయనా" అంది.

బస్టాండ్‌లో ఒక మాట అన్నాను. "నిన్ను అడిగుండాల్సింది."

"అడిగుంటే వద్దనుంటా" అంది. "వద్దన్నా వచ్చుంటావులే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

కోవిల్‌పట్టి బస్సు నిండా జనం. ఇద్దరం నిలబడ్డాం. సాత్తూరులో ఒక సీటు ఖాళీ అయింది.

"కూర్చో నాయనా" అంది.

"నువ్వు కూర్చోమ్మా" అన్నాను.

ఈలోగా ఇంకెవరో వచ్చి కూర్చున్నారు.