పుట్టగానే ఏడ్చిందా?

ఇంట్లో అందరూ ఆవిణ్ణి లెక్కలక్క అంటారు. ఆ పేరు పెట్టింది చెల్లెలే. "మా లెక్కలక్క పెళ్లికి పిలిచినా, ఎంతమంది ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉందో తేల్చుకునిగానీ భోజనానికి కూర్చోదు" అని నలుగురినీ నవ్వించేది. నవ్వులాటకేం గానీ, లెక్కలక్క మామూలు మనిషి కాదు. తల్లీబిడ్డల చావుల మీద ఇరవయ్యేళ్లుగా చదువుతూ, చదివిస్తూ ప్రొఫెసరైంది. ఎదుటివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఆవిడకు పేరు తెచ్చింది ఒకే ఒక్క ప్రశ్న. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి తల్లిని అడగాలి: "బిడ్డ పుట్టగానే ఏడ్చిందా?" ఏడ్చిందంటే బతికి పుట్టి పోయినట్టు. ఎందుకు పోయిందో, అక్కడున్నవాళ్లు ఏం చేశారో రెండు పేజీల ప్రశ్నలు అడగాలి. ఏడవలేదంటే కడుపులోనే పోయినట్టు. ఆ రెండు పేజీలూ వదిలేసి, ఓ మంచిమాట చెప్పి లేచి రావచ్చు. పుండు మీద కారం చల్లడం ఎందుకని ఆ ఏర్పాటు చేసింది ఆవిడే. సర్వేకి వెళ్లే అమ్మాయిలకు తనే పాఠం చెప్పేది. "అడిగి నోరు మూసుకోండి. జవాబు తల్లి నోట్లోంచే రావాలి, మీరు అందించకూడదు. పక్కవాళ్లు చెప్పింది అసలే రాయకూడదు" అని.

పాఠం బాగానే ఉంది. తన దాకా వచ్చినప్పుడు కదా మనిషి సంగతి తెలిసేది!

పెళ్లయిన చాలా ఏళ్లకు చెల్లెలి కడుపు పండింది. "మా ఆసుపత్రికే రావే, నేనున్నాగా" అంది అక్క. పుట్టిన బిడ్డల చావులు సగానికి తగ్గాయని ఆవిడ పెద్దపెద్ద సభల్లో గీతలు గీసి చూపించిన ఆసుపత్రి అది. కాన్పు గదిలో, సగం మత్తులో ఉన్న చెల్లెలి తల దగ్గరే నిలబడింది. బిడ్డ పుట్టాడు. తలుపు కిర్రుమన్నట్టు సన్నగా రెండుసార్లు ఏడ్చాడు. ఆ తరవాత గొంతు లేవలేదు. డాక్టరమ్మ మూల బల్ల మీద పడుకోబెట్టి, గాలి పంపే సంచి నొక్కుతూనే ఉంది. కానీ సంచికున్న తొడుగు పెద్దది, ఆ పసిముఖానికి ఎలా ఆనుతుంది? పక్కనుంచి గాలంతా పోతోంది. చిన్న తొడుగు కోసం నర్సులు సొరుగులన్నీ లాగారు. అది దొరకనేలేదు, బిడ్డ దక్కలేదు.

డాక్టరమ్మ ఒకప్పుడు ఆవిడ శిష్యురాలే. "మేడమ్, ఏమని రాయమంటారు?" అని మెల్లగా అడిగింది. లెక్కలక్క కిక్కురుమనలేదు. శిష్యురాలికి ఆ మాత్రం చాలు. బిడ్డ చచ్చి పుట్టాడని రాసేసింది.

మత్తు వదిలాక చెల్లెలు అడిగిన మొదటి మాట, "అక్కా, వాడు ఏడ్చాడు కదూ?"

"లేదే తల్లీ. కడుపులోనే పోయాడు. మత్తులో నీకలా అనిపించింది."

జాలిపడే అలా చెప్పానని తనకు తాను నచ్చజెప్పుకుంది. అబ్బే! జాలి పిసరంత, భయం కొండంత. ఏడ్చాడంటే ఆ రెండు పేజీలూ తెరుచుకోవూ? తొడుగేదని అడగరూ?

ఆ తరవాత చెల్లెలు నవ్వించడం మానేసింది. పక్కింట్లో చంటిపిల్ల ఏడిస్తే చాలు, "నిజంగానే ఏడుస్తోందా, నాకే వినిపిస్తోందా?" అని మొగుణ్ణి అడిగేది. పాపం, ఆయనేం చెబుతాడు! డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి నిద్రమాత్రలు రాయించాడు.

కొన్నాళ్లకు కొత్త సర్వే వచ్చింది. ఏ వీధులకు వెళ్లాలో చీటీలు తీస్తే చెల్లెలుండే వీధే తగిలింది. ఆ వీధిని పక్కన పెట్టెయ్యడానికి లెక్కలక్కకు మనసొప్పలేదు. లెక్క పాడవుతుందట! ఈ మనిషికి నిజాయతీ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో చూడండి. చెల్లెలికి తోడుగా ఉంటానని ఆ పూట వెళ్లింది. తల్లి పక్కన ఎవరూ ఉండకూడదన్నది తన నియమమే కాబట్టి వంటింట్లో కూర్చుంది.

ముందుగదిలో సర్వే అమ్మాయి గొంతు వినిపించింది. "అమ్మా, బిడ్డ పుట్టగానే ఏడ్చిందా?" అడిగి, నేర్పినట్టే ఊరుకుంది. వంటింట్లో కొళాయి కారుతుంటే లెక్కలక్క గట్టిగా బిగించింది.

"ఏడవలేదని రాసుకో అమ్మా."

"అలా కాదమ్మా, మీరు విన్నదే చెప్పండి."

"నేను విన్నదా? రెండుసార్లు విన్నాను. కానీ మా అక్క ఏడవలేదంది. ఇన్నేళ్లుగా ఇదే చదువు చదివిన మనిషి. ఆవిడకంటే నాకెక్కువ తెలుసా? ఏడవలేదనే రాసుకో."

లెక్కలక్క కొళాయి మీంచి చెయ్యి తీసేసింది. ఈ ఒక్క ఇల్లేనా? ఎంతమంది తల్లులు తమ చెవులను తామే నమ్మక, ఆసుపత్రివాళ్లు చెప్పిందే తన సర్వే అమ్మాయిలకు అప్పజెప్పారో! తను సభల్లో చూపించిన చావులు నిజంగా తగ్గాయో, చచ్చి పుట్టినవాళ్ల గడిలోకి జరిగి కూర్చున్నాయో! ఆవిడ లేచి ముందుగదిలోకి వచ్చింది.

"ఏడ్చాడు. నువ్వు విన్నది నిజమే. రెండుసార్లు ఏడ్చాడు" అంది.

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. ఏడవలేదు, అరవలేదు.

"నాకు పిచ్చెక్కిందనుకున్నానే" అంది. "ఇన్నాళ్లూ మాత్రలు మింగుతున్నాను."

సర్వే అమ్మాయి కలం గాల్లోనే ఆగిపోయింది. "మేడమ్, పక్కవాళ్లు చెప్పింది రాయకూడదన్నారు కదా?" అంది బిక్కుబిక్కుమంటూ.

"ఆవిడ మాటెందుకు? నేను చెబుతున్నాను, రాయి. ఏడ్చాడు" అంది చెల్లెలు.

అమ్మాయి కాగితాలు వెనక్కి తిప్పి, వదిలేయబోయిన పేజీ తీసింది. "తరవాత బిడ్డ ఎంతసేపు బతికింది?"

"నాకేం తెలుసు? ఆవిణ్ణే అడుగు."

ఇద్దరూ లెక్కలక్క వంకే చూస్తున్నారు. జవాబు అందించకుండా ఎలా ఊరుకోవాలో ఆ అమ్మాయికి ఆవిడే నేర్పింది.

"నీ చేతికివ్వడానికి సరిపోయేంతసేపు" అంది చివరికి. "ఇవ్వలేదే. ఇవ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు."

చెల్లెలు ఒడిలో చేతులు అలాగే పెట్టుకుని వాటికేసి చూసుకుంది. తరవాత సర్వే అమ్మాయి వైపు తిరిగింది.

"తరవాతిది అడుగమ్మా" అంది. "ఆ రెండు పేజీల్లో ఒక్కటి కూడా వదలకు."