ముందుకు పాకిన పసుపు

దసరా నాడు మా ఓంకార్ కారుకు పూజ చేస్తుంటే నేను దాని వెనక నిలబడ్డాను. మా ఆయన పోయినప్పటి నుంచి పూజల్లో ముందుకు రావడం మానేశాను. ఎవరూ వద్దనలేదు, నాకే అలా అలవాటైంది. అందరూ కారు ముఖం చూస్తుంటే నేను దాని వీపు చూస్తున్నాను.

ఓంకార్ మా అక్క కొడుకు. బస్సులకు బాడీలు కట్టే చోట పన్నెండేళ్లు పనిచేసి, అది వదిలేసి, మదీనాగూడలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. రెండేళ్లుగా ఈ ఒక్క కారే కడుతున్నాడు. పైకప్పు లేదు, రెండే సీట్లు, ఒళ్లంతా ఫైబరు. నేనూ వెల్డింగు చేసే మొగిలీ చెరోవైపు పట్టుకుంటే వెనక భాగం నేల మీంచి లేచేది. అంత తేలిక. వాళ్లిద్దరికీ వండిపెట్టి, షెడ్డు ఊడ్చేది నేనే.

పండుగ తర్వాత రెండో ఆదివారం, ఊరవతల వాడకంలో లేని ఒక రన్‌వే మీద చిన్న కార్ల పందెం ఉంది. కిలోమీటరును ఇరవై ఆరు సెకన్లలోపు దాటలేని బండిని తేవద్దని పందెం పెట్టేవాళ్లు ముందే రాసి పంపారు. మా కారు ఎన్నిసార్లు నడిపినా ఇరవై ఎనిమిది దగ్గరే ఆగేది. ఈసారి కూడా కాకపోతే కారు విప్పేసి మళ్లీ బస్సుల పనికి పోతానని ఓంకార్ తన భార్య భవానికి మాటిచ్చాడు. భవాని ఆ మాట ఊరికే అడగలేదు. రెండేళ్లుగా ఇల్లు ఆమె కుట్టుమిషను మీదే నడుస్తోంది.

దసరా రోజు పసుపు నీళ్లలో కలిపి భవాని బొట్లు పెడుతుంటే ఒక్కటీ నిలవలేదు. అన్నీ జారిపోయాయి.

"ఏంది మొగిలన్నా, చుక్క గూడ అంటుతలేదు?"

"గాలే అంటొద్దని రెండు రోజులు పాలిష్ కొట్టిన చెల్లే, పసుపెట్ల అంటుతది?"

నేను లోపలికి వెళ్లి నువ్వుల నూనె తెచ్చి పసుపులో కలిపాను. అప్పుడు అంటింది. ముందరా పక్కలా పెట్టాక, "వెనక బోసిగ ఉన్నది, సీట్ల వెనక గూడ నాలుగు పెట్టు బిడ్డా" అన్నాను. పెట్టింది.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కారును కొండాపూర్ అవతల కొత్తగా వేసిన రోడ్డు మీదికి తీసుకుపోయాం. ఆ రోడ్డు పక్కన కడుతున్న గుండ్రటి పెద్ద భవనానికి అద్దాలు బిగించే కూలీలందరికీ ఆ రోజు సెలవు. రోడ్డు మీద నరపురుగు లేదు. మొదటి సున్నం గీత దగ్గర నేను ఎర్రగుడ్డ ఊపాలి, కిలోమీటరు అవతల రెండో గీత దగ్గర మొగిలి అది చూసి గడియారం నొక్కాలి. ఊపాను. కారు దూసుకుపోయింది. చివరికి మొగిలి చెప్పింది అదే లెక్క, ఇరవై ఎనిమిది.

షెడ్డుకు వచ్చాం. ఓంకార్ పానాలు డబ్బాలో సర్దడం మొదలుపెట్టాడు. కారు తుడుద్దామని నేను గుడ్డ పట్టుకున్నాను. ముందరి బొట్లు వెనక్కి సాగి తోకల్లా ఉన్నాయి. పక్కలవీ అంతే. సీట్ల వెనక పెట్టిన నాలుగు మాత్రం ముందుకు, సీట్ల వైపు పాకాయి. నాకు అర్థం కాలేదు. తుడవకుండా ఆగిపోయాను.

"ఓంకారూ, బండి ఎటు ఉరికింది?"

"ఎటేంది చిన్నమ్మా, ముందటికే ఉరికింది. జర ఊకో."

"మరి ఈ పసుపు గూడ ముందటికే పోయిందేంది?"

మొగిలి తొంగి చూశాడు. "బ్రేకు కొట్టిండు గదా అక్కా, జారింది."

"బ్రేకుకు జారితే ముందరి బొట్లు గూడ ముందటికే జారాలె గద!"

ఓంకార్ పానా కింద పెట్టి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ఆ మరకలను చూశాడు. నూనె మరకను వేలితో ముట్టబోయి ఆగాడు.

చిన్నప్పుడు కళ్లంలో నేను చూసింది చెప్పాను. గోడ చాటున నిలబడి తూర్పార పడితే పొట్టు ముందుకు పోదు, తిరిగి మన మొహాన కొడుతుంది. గోడ దాటిన గాలి కిందికి దిగి వెనక్కి తిరుగుతుంది.

"అంటే ముందటి అద్దం దాటిన గాలి సీట్లల్ల పడి తిరుగుతున్నది," అన్నాడు ఓంకార్ మెల్లగా. "బండి ఆ గాలిని వెంట గుంజుకపోతున్నది."

"ఇంజనీర్లందరు మాదాపూర్ల కూసుంటే మనకు అక్క దొరికింది," అన్నాడు మొగిలి. "ఇంతకు ఏం జెయ్యాలె ఇంజనీరమ్మా?"

"నాకేం ఎరుక? గుంత పూడిస్తే పసుపు ఎటు పోతదో చూద్దాం."

మర్నాడు రెండో సీటు మీద అట్టముక్క కప్పి, టేపు అంటించి, దాని నిండా నూనె పసుపు బొట్లు పెట్టి నడిపారు. అట్ట మీది బొట్లు చక్కగా వెనక్కి సాగాయి. ఓంకార్ తల వెనకవి మాత్రం సుడి తిరిగి ఉన్నాయి. అక్కడ అట్టతోనే గూనిలాగా ఎత్తు కట్టి, దాన్ని తోక దాకా వాలుగా దించారు. మళ్లీ బొట్లు పెట్టారు. ముందరి అద్దాన్ని నాలుగు వేళ్ల మేర కోసి ఎత్తు తగ్గించారు. మళ్లీ బొట్లు. ప్రతిసారీ కారు తిరిగి రాగానే ముగ్గురం దాని వీపు మీద వంగేవాళ్లం. ఇంట్లో పసుపు అయిపోయిందని భవాని అరిచింది గానీ, మర్నాడు తనే పావుకిలో తెచ్చింది. చివరికి అట్టలు తీసేసి అదే ఆకారంలో ఫైబరు పోశారు.

పందేనికి ముందురోజు, శనివారం పొద్దున్నే, కూలీలు రాకముందే, మళ్లీ ఆ రోడ్డు మీదికి పోయాం. ఈసారి భవాని కూడా వచ్చింది. గుడ్డ ఊపాను. కారు చప్పుడే మారింది, వెనక ఉండే బుసబుస లేదు. కాసేపటికి రెండో గీత నుంచి మొగిలి స్కూటరు మీద కేకలు వేసుకుంటూ వచ్చాడు.

"ఇరవై అయిదున్నర! అక్కా, ఇరవై అయిదున్నర!"

ఓంకార్ కారు తిప్పుకొచ్చి ఆపాడు. నవ్వుతున్నాడు. నా చేతిలో ఎర్రగుడ్డ ఇంకా రెపరెపలాడుతోంది. అది కారు పోయిన వైపే ఎగురుతోంది. చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించాను.

"గాలి వెనక నుంచి తోసింది బిడ్డా. ఒకసారి ఎదురుగాలికి గూడ నడుపు."

"నీకు దండం పెడత అక్కా!" అన్నాడు మొగిలి. "అయిన పని మంచిగ చెడగొడ్తవా?"

ఓంకార్ నవ్వు ఆగిపోయింది. భవాని వైపు చూశాడు. "చిన్నమ్మ చెప్పింది నిజమే. రేపు రన్‌వే మీద గాలి ఎటుంటదో ఎవరికెరుక?" అని మళ్లీ కారెక్కాడు.

గీతలు తారుమారు చేసుకున్నాం, ఇప్పుడు రెండో గీత దగ్గర మొదలు. భవాని నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, తనే ఊపుతానని స్కూటరు మీద అక్కడికి పోయింది. నేను మొగిలి పక్కన నిలబడ్డాను. దూరంగా చుక్కలా కనిపించిన కారు పెద్దదవుతూ మా ముందు నుంచి పోయింది. మొగిలి గడియారం నొక్కాడు. కానీ చూడలేదు, నాకిచ్చాడు.

"నువ్వే పెట్టినవ్ పరేషాన్, నువ్వే జదువు."

చదివాను. నమ్మకం కుదరక అంకెల మీద వేలు పెట్టి రెండోసారి చదివాను. ఇరవై అయిదు, చుక్క పక్కన తొమ్మిది.

ఓంకార్ కారు దిగి గడియారం చేతిలో పట్టుకుని అక్కడే రోడ్డు మీద కూర్చున్నాడు. స్కూటరు మీద వచ్చిన భవానికి ఎవరూ లెక్క చెప్పలేదు. ఆమె మా మొహాలు చూసింది. తర్వాత భర్త దగ్గరికి వెళ్లి అడిగింది.

"రేపు ఎన్ని గంటలకు పోవాలె? సద్ది కట్టాలె గద."