హెన్‌డ్రె వాళ్ళ పాట

క్రిస్మస్ తెల్లవారుజామున చర్చిలో జరిగే పాటల కూటమైన ప్లగైన్‌లో ఏ కుటుంబం పాట ఆ కుటుంబానిదే. పక్కింటి పాట ముట్టుకోవడం పక్కింటి పొలంలో నాగలి పెట్టినంత తప్పు. ఎవరు ఎప్పుడు లేచి పాడతారో ముందుగా చెప్పరు, అడగరు. ఈ కట్టుబాట్లు వేల్స్ కొండల్లో పుట్టిన మెరెరిద్‌కు ఎవరూ నేర్పలేదు, ఉగ్గుపాలతోనే వచ్చాయి.

ఆ లోయలో అందరికీ ప్రాణమైన పాట హెన్‌డ్రె కమతం వాళ్ళది, అంటే మెరెరిద్ పుట్టింటిది. నూట యాభై ఏళ్ళ కిందట ఆమె ముత్తాత రాశాడని ప్రతీతి. పాత నోటుపుస్తకంలో ఆయన సంతకం ఉంది మరి. చరిత్రకారిణి కదా, ఆ పాట పుట్టుక రాసే పని ఆమే నెత్తికెత్తుకుంది. అక్టోబరులో తోటి చరిత్రకారుడు హ్యూ ఇంకో పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. స్కూలు బస్సు నడిపే టెక్విన్ ప్యూ ఇంటి అటక మీద దొరికిందట. టెక్విన్ ముత్తవ్వ లౌరి ఒకప్పుడు హెన్‌డ్రెలో పాలు పితికే పనిమనిషి. అందులో అదే పాట, ముత్తాత పుస్తకం కన్నా ఆరేళ్ళ ముందటి తేదీతో. చరణం చరణానా కొట్టివేతలు, మార్చిన మాటలు.

"మీ ముత్తాత పుస్తకంలో ఒక్క కొట్టివేతైనా ఉందా? చూసి రాసుకున్నవాడికి ఎందుకుంటాయిలే," అన్నాడు హ్యూ. "పుస్తకం నాదని ఆయన సంతకం పెట్టుకుంటే, మీరేమో పాటే ఆయనది చేసేశారు. మీ నాన్నకు చెప్పే భాగ్యం మాత్రం నీదే తల్లీ."

మెరెరిద్ నాన్న ఇద్వల్‌కు డెబ్బై తొమ్మిది. తమ్ముడు పోయాక ఒంటరిగానే పాడుతున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, పాడితే ఈ ఏడాదే ఆఖరని డాక్టరు చెప్పేశాడు. రెండు పుస్తకాలూ సరిపోల్చి తేల్చుకున్నాక కూతురు వచ్చి చెప్పిందంతా విని, "ప్యూ వాళ్ళకు తెలుసా?" అని మాత్రం అడిగాడు.

"హ్యూ చెప్పాడు నాన్నా."

"అయితే ఇన్నాళ్ళూ పరాయి సొమ్ము తిన్నామన్నమాట," అని కుక్కను పిలుచుకుని గొర్రెల దగ్గరకు వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ నాడు ఆరింటికి ఫాదరు ప్లగైన్ మొదలైందన్నాడు. ఒక్కో కుటుంబం లేచి, పాడి, కూర్చుంది. ఇద్వల్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఏనాడూ సొంత పాట లేని ప్యూ వాళ్ళు ఎప్పటిలాగే ఆఖరి బెంచీలో ఉన్నారు. టెక్విన్ ఒళ్ళో లౌరి పుస్తకం ఉంది. పాటకూ పాటకూ మధ్య మెరెరిద్ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు చూసింది. ఇద్దరూ కదల్లేదు. చివరికి చర్చిలో నిశ్శబ్దం సాగింది, ఇంకా సాగింది. ఆమెకు విషయం అర్థమైంది. అయినా లేచి అడిగే హక్కు లేదు. ఫాదరు దీవించేశాడు.

తర్వాత హాల్లో టీ, రొట్టె, పంది మాంసం. ఇద్వల్ నేరుగా టెక్విన్ దగ్గరకు వెళ్ళాడు.

"ఏరా, లేవలేదేం? నీకోసమే కదా నేను ఊరుకుంది!"

"భలేవారే పెద్దాయనా! మీకిదే ఆఖరి ఏడాదని ఊరంతా అంటుంటే నేనెలా లేస్తాను?"

"మీ ముత్తవ్వ పాటరా అది. మా అమ్మాయి రుజువు కూడా చేసింది."

"పుస్తకంలో మాటలే ఉన్నాయి, వరస లేదు. వరస నాకు తెలిసింది మీ గొంతులోనే. చిన్నప్పట్నుంచీ ఆ వెనక బెంచీలో కూర్చుని విన్నదే."

ఇద్దరూ మెరెరిద్ వైపు చూశారు. ఆమెకు ఏడుపొచ్చింది. నూట యాభై ఏళ్ళలో ఆ పాట లేకుండా గడిచిన మొదటి క్రిస్మస్ ఇది. తన రుజువులో ఒక్క తప్పు లేదు.

ఇద్వల్ కప్పు కింద పెట్టి, దగ్గు ఆగేదాకా బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ఇంటికి రా," అన్నాడు టెక్విన్‌తో. "ఊపిరి ఎంత మిగిలిందో అంతవరకూ నేర్పుతాను."